కాషాన్ కుమ్మరుల విద్య: అబుల్ ఖాసిమ్ గ్రంథం

దివ్యఖుర్ఆన్‌లోని అర్రహ్మాన్ సూరా మానవ సృష్టిని ప్రస్తావిస్తూ, కుండపెంకువలె మ్రోగే ఎండుమట్టిని ఉపమానంగా తీసుకున్నది. ఈ సూరాను భక్తితో పఠించే మనం కుమ్మరిని మాత్రం విద్యావంతుల వరుసలో చేర్చము. మన చరిత్ర గ్రంథాలు సుల్తానుల పేర్లతోను, ఉలమాల పేర్లతోను నిండి వున్నవి. వారు భుజించిన పళ్ళెం ఎవరు చేశారో అవి సాధారణంగా చెప్పవు. ఇందుకు ఒక గొప్ప మినహాయింపు ఇరాన్‌లోని కాషాన్ నగరం.

12వ శతాబ్ది చివరి నుండి 14వ శతాబ్ది తొలి దశకాల వరకు కాషాన్ పాత్రలు, గోడ పలకలు ఎంతో ప్రసిద్ధి పొందినవి. ఆ పలకలను పారశీకంలోను, ఉర్దూలోను ‘కాషీ’ అనడం ఆ వూరి పేరునుబట్టి వచ్చినదే. అక్కడి కుమ్మరి వంశాలలో అబూ తాహిర్ వంశం అగ్రగణ్యమైనది. ఖుమ్, మష్హద్‌లలోని దర్గాలకు పలకలు చేసినది వీరే. ఆ వంశంలో పుట్టిన అబుల్ ఖాసిమ్ అబ్దుల్లా కలం చేపట్టి, ఇల్‌ఖాన్ల ఆస్థానంలో చరిత్రకారుడైనాడు. హిజ్రీ 700లో (క్రీ.శ. 1300-01) ఆయన రత్నాలను గురించి, సుగంధ ద్రవ్యాలను గురించి ఒక గ్రంథం రచించి, దాని చివరి అధ్యాయంలో తన ఇంటి విద్యను పూసగుచ్చినట్లు వివరించాడు. మాణిక్యాలతోపాటు మట్టిపాత్రకు చోటివ్వడం గమనార్హం. ఆయన దృష్టిలో అది రసవిద్య వంటిది.

చీనా పింగాణీకి వాడే తెల్లమట్టి ఇరాన్ కుమ్మరులకు అందుబాటులో లేదు. అందువల్ల వారు తెల్లని ముద్దను తామే తయారు చేసుకున్నారు. పలుగురాతి పొడి 10 పాళ్ళు, గాజుపొడి 1 పాలు, సన్నని తెల్లమట్టి 1 పాలు. ఆ గాజుకు కావలసిన క్షారం ఎడారి మొక్కలను కాల్చిన బూడిద నుండి వచ్చేది. నీలం కాషాన్ సమీపంలోని ఖమ్సర్ గ్రామపు ఖనిజం నుండి, ఫిరోజా రంగు రాగి నుండి లభించేవి. బంగారు మెరుపు కోసం ఒకసారి కాలిన పాత్రపై వెండి, రాగి కలిసిన లేపనంతో చిత్రించి, రెండవసారి పొగ కమ్మిన ఆవంలో 72 గంటలు వుంచేవారు. చల్లారిన తరువాత తడిమట్టితో రుద్దితే మెరుపు బయటపడేది. బంగారం లేని బంగారు పాత్ర!

ముస్లిం కళాకారులు ప్రాణుల బొమ్మలు నిషిద్ధం గనుకనే తీగెలు, పూలు చిత్రించారని కొందరంటారు. కాని కాషాన్ పాత్రలపై రౌతులు, పక్షులు, చేపలు కూడా వున్నవి. మిహ్రాబులలో మాత్రం ఆయతులు, ఆకులు, తీగెలే. కనుక వారు స్థలాన్నిబట్టి ఔచిత్యం పాటించారనడం సబబు.

దీనికి తుర్కీలోని ఇజ్నీక్ చరిత్ర భిన్నమైనది. 16వ శతాబ్దిలో ఆస్థాన చిత్రకారుడు కరా మేమీ ప్రవేశపెట్టిన తులిప్, గులాబీ, కార్నేషన్ పూల శైలి అక్కడి పలకలపై వికసించింది. 1557లో పూర్తయిన సులేమానియా మసీదు పలకలలో ఉబ్బెత్తుగా నిలిచే పగడపు ఎరుపు కనబడుతుంది. 17వ శతాబ్దిలో ఆస్థాన పోషణ తగ్గడంతో ఆ ఎరుపు వన్నె తగ్గి, క్రమంగా మాయమైనది. అబుల్ ఖాసిమ్ వంటివాడు అక్కడ లేకపోయాడు. 20వ శతాబ్దిలో ఆ విద్యను పునరుద్ధరించబూనిన వారు పాత పెంకులను పరీక్షించి, ఎన్నోమార్లు విఫలులై, తిరిగి నేర్చుకోవలసి వచ్చింది.

ఈ కాషీ పని దక్కనుకూ వచ్చింది. 1472లో బీదరులో మహమూద్ గవాన్ నిర్మించిన మదరసా, హైదరాబాదులోని బాద్‌షాహీ ఆషూర్‌ఖానా అందుకు సాక్ష్యాలు. ఆషూర్‌ఖానా పలకలలో కొన్ని 1908 నాటి మూసీ వరదలో దెబ్బతిన్నవి. వాటి ముందు నిలిచేవారు కట్టించిన సుల్తాను పేరు అడుగుతారే గాని, ఆ రంగు ఎలా కుదిరిందని అడిగేవారు అరుదు.

దావూద్ ప్రవక్త (అలైహిస్సలాం) తమ చేతుల కష్టార్జితంతోనే భుజించేవారని సహీహ్ బుఖారీలో వున్నది. చేతిపనిని గౌరవిస్తామని చెప్పుకుంటే చాలదు. మన మధ్య మిగిలివున్న పనివారి విద్యను వారి నోటినుండి విని గ్రంథస్థం చేయడమే నిజమైన గౌరవం. అబుల్ ఖాసిమ్ చేసినది అదే. ఏడు వందల ఏళ్ళ తరువాత కూడా కాషాన్ ఆవం రహస్యం మనకు తెలియడానికి కారణమూ అదే.