సుధాకవచము: ఆలయములకు పైపూత చరిత్ర



సంస్కృతమున “సుధ” యను శబ్దమునకు అమృతమనియు, సున్నమనియు రెండర్థములు కలవు. సున్నపు పూత గలది కావుననే మేడకు “సౌధము” అను పేరు వచ్చినది. మరణమును తొలగించు వస్తువునకును, గోడకు పూయు వస్తువునకును ఒకే పేరు ఉండుట ఆలోచింపదగిన విషయము. జీర్ణోద్ధరణము పూర్తియై మహాకుంభాభిషేకము జరుగుచున్న ఈ శుభవేళ, కట్టడమును కాపాడు ఆ పైపూత చరిత్రను భక్తులకు, దాతలకు విన్నవించుట ఈ వ్యాసోద్దేశము.

క్రీ.శ. 6వ శతాబ్దివాడైన వరాహమిహిరాచార్యుడు బృహత్సంహితలో వజ్రలేపమునకు ఒక అధ్యాయమునే కేటాయించెను. పచ్చి తుమికికాయలు, వెలగకాయలు, బూరుగుపూలు, వస మొదలగువానిని ద్రోణము నీటిలో కాచి, ఎనిమిదవ వంతు మిగులునట్లు ఇగిర్చి, అందు గుగ్గులు, సర్జరసము, నల్లజీడి, అవిసె, మారేడు మున్నగునవి కలిపి ముద్ద చేయవలెను. దానిని వేడిగా నుండగనే ప్రాసాదములకు, లింగములకు, ప్రతిమలకు, గోడలకు, బావులకు పట్టింపవలెను. కోటి సంవత్సరములు నిలుచునని ఆయన చెప్పిన ఫలము. దానిని ప్రశంసగా గ్రహించినను, జిగురులును నూనెలును నీటిని లోనికి పోనీయవను తత్త్వము మన పెద్దలకు ఆనాడే తెలియునని స్పష్టమగుచున్నది.

ఇక మన పల్నాడు సున్నపురాతి సీమ. అమరావతి, నాగార్జునకొండ శిల్పములు ఈ జాతి రాతిపై చెక్కినవే. ఇక్ష్వాకుల విజయపురిలో ఇటుక కట్టడములకు సున్నపు పూత పూసిరి. ఆ లోయలోని అష్టభుజస్వామి ఆలయ శాసనము క్రీ.శ. 278 నాటిది. నేటికిని పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు ప్రసిద్ధి. మాచెర్లలో 1958లో సిమెంటు కర్మాగారము వెలసినది. సున్నపురాతిని ఒంటిగా కాల్చిన సున్నము, బంకమన్నుతో కలిపి మిక్కిలి వేడిమిలో కాల్చి పొడి చేసిన సిమెంటు. రెండింటికిని తల్లి ఒక్కతే.

పూర్వము సున్నమును ఇసుకతో, ఇటుకపొడితో కలిపి గానుగలో నూరి, కరక్కాయ నీరు, బెల్లపు నీరు చేర్చి గోపురములకు పూసెడివారు. ఆ పూత గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి మరల రాయిగా మారును. ఏండ్లు గడచిన కొలది గట్టిపడును. లోని చెమ్మను ఆవిరిగా బయటికి విడుచును. పండ్రెండేండ్లకొకమారు జరుగు కుంభాభిషేక సమయమున పగుళ్లు పూడ్చి, క్రొత్త పూత వేయు ఆచారము దీనికి తోడైనది.

1824లో ఆంగ్లదేశమున జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లాండ్ సిమెంటునకు పేటెంటు పొందెను. 1867లో ఫ్రాన్సు దేశపు తోటమాలి జోసెఫ్ మోనియే ఇనుప తీగెలు పొదిగిన సిమెంటు తొట్లకు పేటెంటు పొందెను. ఆ విద్య క్రమముగా మన మండపములకు, గోపురములకు వచ్చినది. అయితే ఇచ్చట ఒక విచిత్రమున్నది. కాంక్రీటులోని క్షారగుణమే లోని ఇనుమునకు త్రుప్పు పట్టకుండ కాపాడును. సున్నపు పూతను గట్టిపరచిన ఆ బొగ్గుపులుసు వాయువే, కాంక్రీటులోనికి మెల్లగా చొచ్చి, ఆ క్షారమును హరించును. అటుపై నీరు తగిలినచో ఇనుము త్రుప్పు పట్టును. త్రుప్పు ఇనుముకంటె ఎన్నో రెట్లు ఉబ్బి, పైనున్న కాంక్రీటును పెచ్చులుగా ఊడగొట్టును. పాత గోపురమునకు మేలు చేసిన గాలియే క్రొత్త గోపురమునకు కీడు చేయుచున్నది. కావున కాంక్రీటు ఆలయమునకు పైపూత అలంకారము కాదు, కవచము. రెంటచింతల ఎండలు రాష్ట్రమంతటికిని తెలిసినవే. ఎండకు వ్యాకోచించి, వానకు చల్లబడి కట్టడము బీటలు వారుట ఈ సీమలో సహజము.

నేటి లేపనములు ముఖ్యముగా రెండు విధములు. సిలేను, సిలాక్సేను అనునవి కాంక్రీటు రంధ్రములలోనికి ఇంకి నీటిని త్రోసివేయును, ఆవిరిని మాత్రము బయటికి పోనిచ్చును. కాని గాలిని ఆపజాలవు. అక్రిలిక్ జాతి పూతలు పైన పలుచని పొరగా నిలిచి బొగ్గుపులుసు వాయువును అడ్డును. అవసరమును బట్టి వీనిని ఎంచవలెను. ఇనుము అప్పటికే త్రుప్పు పట్టియున్నచో పూత వలన ప్రయోజనము లేదు. చెడిన కాంక్రీటును తొలగించి, ఇనుమును శుభ్రపరచి, పూడ్చిన పిమ్మటనే పూత. ప్రాచీన శిలాభాగములకును, సున్నపు గోడలకును నూనెరంగులు, సిమెంటు పూతలు తగవు. అవి చెమ్మను లోపల బంధించి, రాతిని, పూతను పొడిపొడిగా రాల్చును.

శ్రీకాళహస్తిలో శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన రాజగోపురము 2010 మే 26వ తేదీ రాత్రి కూలిపోయినది. పగుళ్లు అంతకుముందే కనబడినవి. నూతన గోపురము 2017లో ప్రతిష్ఠితమైనది. ఐదు వందల యేండ్లు నిలిచిన కట్టడము సైతము ముందుగా పగుళ్లతో మాటలాడును. విని వెంటనే చేయవలసినది చేయుట మన వంతు.

గోపురము కట్టించుటకు, మండపము వేయించుటకు దాతలు ముందుకు వచ్చుట మన భాగ్యము. వారి పేర్లు శిలాఫలకములపై శోభిల్లును. పగులు పూడ్చినవానికి, పూత వేయించినవానికి ఫలకముండదు. అయినను నూతన నిర్మాణముకంటె జీర్ణోద్ధరణమే అధిక పుణ్యప్రదమని పెద్దల మాట. జీర్ణము కాకముందే కాపాడుట అంతకంటె మేలు గదా! కావున ఈ ఉత్సవమునకు వచ్చిన విరాళములలో కొంత భాగమును శాశ్వత నిధిగా ఉంచి, ఏటేటా తొలకరికి ముందు గోపుర, విమాన, మండపములను నిపుణులచే పరీక్షింపజేసి, నీరు నిలుచు చోట్లు సరిచేయించి, గడువు తీరిన పూతను మరల వేయించు ఏర్పాటు చేయవలెనని ధర్మకర్తలకు, దాతలకు నా విన్నపము. స్వామికి నిత్యము కవచ పారాయణము చేయుచున్నాము. స్వామి కొలువున్న గృహమునకు సైతము కవచముండవలెను.

సర్వం భగవదర్పణమస్తు. స్వస్తి.