నిర్ణీత గురువు లేని విద్యార్థి: విద్యాలయము మారువారికి మార్గదర్శనము – ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతము

ఒక విద్యాలయములో కొంత చదువు ముగించి మరియొక విద్యాలయములో చేరు విద్యార్థి తనతో కొన్ని కాగితములు తెచ్చుకొనును. మార్కుల జాబితా, టి.సి., మైగ్రేషన్ సర్టిఫికెట్టు వాటిలో ముఖ్యమైనవి. అతడు ఏమి చదివెనో ఈ కాగితములు చెప్పగలవు. అయితే అతడు ఏ పాఠములో తడబడునో, ఏ పిలుపుతో వచ్చెనో, ఎవరి ఆశలు మోయుచున్నాడో చెప్పజాలవు. అవి తెలిసికొనుటకు క్రొత్త చోట ఒక మనిషి కావలెను.

కాగితము, మనిషి అను ఈ రెండింటి చరిత్రను ఈ వ్యాసములో క్లుప్తముగా పరిశీలింపగోరుచున్నాము. తొలి విశ్వవిద్యాలయములు మనిషికే మొదటి స్థానమిచ్చినవి. విద్యావ్యవస్థ పెద్దదైన కొలది కాగితము ఆ స్థానమును ఆక్రమించినది. తరువాతి తరములు నష్టపోయి, ఆ మనిషిని మరల వెదకుకొనవలసి వచ్చినది. వేదాంత కళాశాలలలో బోధించువారికిని, సంఘముల నుండి యౌవనస్థులను చదువుకు పంపు కాపరులకును ఈ చరిత్ర ఉపయుక్తమని తలంచుచున్నాము.

1. గురువే విద్యార్థి చిరునామా

ఐరోపాలోని తొలి విశ్వవిద్యాలయములకు ఆరంభ దినములలో చెప్పుకోదగిన సొంత భవనములు లేవు. బోధన ఎక్కువగా అద్దె గదులలో సాగెడిది. కావున ఊరివారితో తగవు వచ్చినప్పుడు అధ్యాపకులు, విద్యార్థులు కలిసి మరియొక పట్టణమునకు తరలిపోవుట కష్టము కాదు. 1209లో ఆక్స్‌ఫర్డు విడిచినవారి వలన కేంబ్రిడ్జి, 1222లో బొలోన్యా విడిచినవారి వలన పాదువా విశ్వవిద్యాలయములు మొదలైనవి. 1409లో ప్రాగ్ విశ్వవిద్యాలయ పాలనలో చెక్ జాతివారికి ఎక్కువ ఓట్లు ఇచ్చుచు రాజాజ్ఞ వెలువడగా, జర్మను అధ్యాపకులు, విద్యార్థులు పెద్ద సంఖ్యలో వెడలిపోయి లైప్‌జిగ్ విశ్వవిద్యాలయమునకు పునాది వేశారు. అదే సంవత్సరము ప్రాగ్‌లో యాన్ హుస్ రెక్టరుగా ఎన్నుకొనబడ్డారు. సంస్కరణ చరిత్ర చదివిన మనకు ఆ పేరు పరిచితమే.

ఇట్లు ఊరు మారు విద్యార్థికి రక్షణ ఏమిటి? 1158లో చక్రవర్తి మొదటి ఫ్రెడరిక్ చదువు కొరకు ప్రయాణము చేయువారికి రక్షణ కల్పించు శాసనమును స్థిరపరచారు. దాని ప్రకారము, పరదేశములో విద్యార్థిపై ఎవరైనా వ్యాజ్యము తెచ్చినయెడల, తన గురువు ఎదుట గాని ఆ పట్టణపు బిషప్పు ఎదుట గాని విచారణను కోరుకొను హక్కు విద్యార్థికి కలదు. అనగా పరాయి ఊరిలో అతని తరఫున నిలువవలసినవాడు గురువే.

ఈ భావము 1215లో మరింత స్పష్టమైనది. పోపు ప్రతినిధియైన రాబర్ట్ ద కూర్సాన్ పారిస్ విశ్వవిద్యాలయమునకు నియమావళి ఇచ్చారు. వేదాంతము బోధించుటకు 35 సంవత్సరముల వయస్సు, కనీసము 8 సంవత్సరముల అధ్యయనము ఉండవలెనని నిర్ణయించినది ఈ నియమావళియే. దానిలో మన అంశమునకు అతిముఖ్యమైన నియమమొకటి కలదు. నిర్ణీత గురువు లేనివాడెవడును పారిస్‌లో విద్యార్థిగా ఎంచబడరాదు. ప్రతి గురువుకు తన విద్యార్థిపై అధికారము ఉండవలెను. ఆ దినములలో విద్యార్థి యొక్క గుర్తింపు అతని చేతిలోని పత్రములో లేదు. అతని పేరు ఎరిగిన గురువులో ఉన్నది.

1229లో పారిస్‌లో జరిగిన అల్లర్లలో విద్యార్థులు కొందరు చంపబడగా, అధ్యాపకులు బోధన మాని చెదరిపోయారు. ఇంగ్లండు రాజు మూడవ హెన్రీ వారిని తన దేశమునకు ఆహ్వానించారు. ఆ సంవత్సరమే స్థాపించబడిన టూలూజ్ విశ్వవిద్యాలయము, పారిస్‌లో నిషేధింపబడిన అరిస్టాటిల్ ప్రకృతి గ్రంథములను తమ యొద్ద వినవచ్చునని ప్రకటించుకొన్నది. విద్యార్థులను ఆకర్షించుటకు విద్యాలయములు ప్రకటనలు చేయుట నేటి వింత కాదని దీనివలన తెలియుచున్నది. అయితే ఆహ్వానించుట మాత్రము చాలదని ఆ రాజుకే త్వరలో అర్థమైనది. 1231లో అతడు ఏదో ఒక గురువు క్రమశిక్షణ క్రింద లేని విద్యార్థి విశ్వవిద్యాలయ పట్టణములో నిలువరాదని ఆజ్ఞాపించారు. అదే సంవత్సరము తొమ్మిదవ గ్రెగరీ పోపు పారిస్‌కు ఇచ్చిన శాసనములో కూడ, ఏ గురువును ఒప్పుకొనక విద్యార్థులమని చెప్పుకొనువారికి విద్యార్థి హక్కులు వర్తింపవని వ్రాయబడినది.

ఈ పద్ధతి ఫలమునకు తోమా అక్వినాసు జీవితము ఉదాహరణ. నేపుల్సులో చదువు మొదలుపెట్టిన ఆయన తరువాత పారిస్ చేరి, 1248లో తన గురువైన ఆల్బర్టు వెంట కొలోనుకు వెళ్లారు. మితభాషియైన అతనిని తోటివారు మూగ ఎద్దని ఎగతాళి చేసిరని సంప్రదాయము చెప్పుచున్నది. తోటివారికి కనబడనిది గురువుకు కనబడినది. 1252లో పారిస్‌లో బోధించుటకు ఒకరిని పంపవలసి వచ్చినప్పుడు తోమా పేరు సిఫారసు చేసినది ఆల్బర్టే.

2. పట్టా ప్రయాణించినది, మనిషి వెనుకబడ్డాడు

విశ్వవిద్యాలయముల సంఖ్య పెరుగగా, ఒక చోట పొందిన అర్హత మరియొక చోట చెల్లునా అను ప్రశ్న తలయెత్తినది. 1233లో గ్రెగరీ పోపు టూలూజ్ పట్టభద్రులకు మరల పరీక్ష లేకుండ ఎక్కడనైనను బోధించు హక్కు ఇచ్చారు. తరువాత ఇతర విశ్వవిద్యాలయములు కూడ ఇట్టి హక్కు సంపాదించుకొన్నవి. అయితే ఆచరణలో పారిస్, ఆక్స్‌ఫర్డు వంటి పాత విద్యాలయములు ఇతరుల పట్టాలను సులువుగా అంగీకరింపలేదు. కాగితము ఎంత గొప్ప ముద్రతో వచ్చినను, పుచ్చుకొనువారికి నమ్మకము లేనప్పుడు అది గుమ్మము దాటదు.

ఈ చిక్కును 19వ శతాబ్దపు అమెరికా మరియొక విధముగా ఎదుర్కొన్నది. 1869లో హార్వర్డు అధ్యక్షుడైన చార్లెస్ ఇలియట్, విద్యార్థులు తమ పాఠ్యాంశములను తామే ఎంచుకొను పద్ధతిని విస్తరింపజేశారు. అంతకుముందు అందరికిని దాదాపు ఒకే పాఠ్యక్రమము ఉండుటచేత సలహా అవసరము అంతగా కనబడలేదు. ఎంపిక వచ్చిన తోడనే తికమక కూడ వచ్చినది. 1876లో ప్రారంభమైన జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయము విద్యార్థులకు అధ్యాపకులలో నుండి సలహాదారులను నియమించు పద్ధతిని చేపట్టినది. 1889లో హార్వర్డు మొదటి సంవత్సర విద్యార్థుల కొరకు సలహాదారుల మండలిని ఏర్పరచినది. విద్యార్థికి నిర్ణీతమైన ఒక అధ్యాపకుడు ఉండవలెనను 1215 నాటి తలంపు క్రొత్త పేరుతో తిరిగి వచ్చినదని మేము భావించుచున్నాము.

3. హెబ్రీ పండితుని వంతెన

విద్యాలయము మారుటను ఒక క్రమమైన మార్గముగా రూపొందించినవారిలో ప్రముఖుడు పాత నిబంధన పండితుడని మన విద్యార్థులలో చాలమందికి తెలియకపోవచ్చును. విలియం రెయినీ హార్పర్ చికాగో సమీపమున మోర్గన్ పార్కులోని బాప్టిస్టు సెమినరీలో హెబ్రీ భాష బోధించినవారు. తరగతికి రాలేని కాపరులకు తపాలా ద్వారా హెబ్రీ పాఠములు నేర్పినవారు. 1892లో ప్రారంభమైన చికాగో విశ్వవిద్యాలయమునకు ఆయనే మొదటి అధ్యక్షుడు. ఆయన డిగ్రీ చదువును మొదటి రెండు సంవత్సరములు, చివరి రెండు సంవత్సరములు అని రెండు భాగములుగా విభజించారు. మొదటి భాగము విద్యార్థి ఇంటికి దగ్గరగా ఉన్న చిన్న కళాశాలలో చదివినను, రెండవ భాగమునకు పెద్ద విశ్వవిద్యాలయమునకు రావచ్చునన్నది ఆయన యోచన. 1901లో ఆయన ప్రోత్సాహముతో స్టాన్లీ బ్రౌన్ అను విద్యాధికారి ఇల్లినాయి రాష్ట్రములోని జోలియెట్ ఉన్నత పాఠశాలలో 6 మంది విద్యార్థులతో జూనియర్ కళాశాల మొదలుపెట్టారు.

ఆ 6 మందితో మొదలైన మార్గములో తరువాత లక్షలమంది నడిచారు. 1944లో అమెరికా ప్రభుత్వము యుద్ధము నుండి తిరిగివచ్చు సైనికుల చదువుకు సహాయ చట్టము చేయగా కళాశాలలు నిండిపోయినవి. 1960లో కాలిఫోర్నియా రాష్ట్రము జూనియర్ కళాశాలల నుండి విశ్వవిద్యాలయములకు మార్గమును తన ఉన్నతవిద్యా ప్రణాళికలోనే చేర్చినది. వంతెన కట్టబడినది. అయితే వంతెన దాటినవానికి ఆవలి ఒడ్డున ఏమి సంభవించుచున్నది?

1965లో జాన్ హిల్స్ అను పరిశోధకుడు అప్పటివరకు జరిగిన అనేక అధ్యయనములను సమీక్షించి, ఈ ప్రశ్నకు జవాబు చూపారు. క్రొత్త విద్యాలయములో మొదటి టర్మునందు మారివచ్చినవారి మార్కులు సాధారణముగా పడిపోవుచున్నవి. నిలిచినవారిలో అనేకులు క్రమేణ కోలుకొనుచున్నారు. దీనికి ఆయన ట్రాన్స్‌ఫర్ షాక్ అని పేరు పెట్టారు. ఈ పరిశీలనలో ఓదార్పును, హెచ్చరికయు కలవు. మొదటి టర్ములో తడబడినవాడు అసమర్థుడని తీర్పు తీర్చుట తొందరపాటు, ఇది ఓదార్పు. కోలుకొనకముందే చదువు మానుకొన్నవానికి ఆ ఓదార్పు అందదు, ఇది హెచ్చరిక.

1972లో ఇద్దరు విద్యావేత్తల రచనలు ఈ విషయములో మలుపు తెచ్చినవి. బర్న్స్ క్రుక్‌స్టన్, సలహా ఇచ్చుట కార్యాలయపు పని కాదనియు, అది బోధనలో భాగమనియు వాదించారు. టెర్రీ ఒబానియన్ సలహా క్రమములో ఐదు మెట్లు చెప్పారు: జీవిత లక్ష్యము, వృత్తి లక్ష్యము, చదువు యొక్క ఎంపిక, పాఠ్యాంశముల ఎంపిక, చివరిగా టైంటేబుల్. సామాన్యముగా మనము టైంటేబుల్‌తో మొదలుపెట్టి అక్కడనే ఆగిపోవుదుము. ఆయన క్రమములో అది చివరి మెట్టు. 1979లో అమెరికాలోని విద్యా సలహాదారులు తమకొక జాతీయ సంఘమును స్థాపించుకొన్నారు.

4. మన దేశములో

మన దేశములో 1857లో ఏర్పడిన కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయములు లండను విశ్వవిద్యాలయమును మాదిరిగా తీసికొన్నవి. ఆరంభములో అవి బోధింపలేదు. అనుబంధ కళాశాలల విద్యార్థులకు పరీక్షలు మాత్రము జరిపినవి. విశ్వవిద్యాలయమునకు విద్యార్థి తెలిసినది హాల్ టికెట్టు సంఖ్యగా మాత్రమే. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయము ఏర్పడువరకు కోస్తా తెలుగు జిల్లాల కళాశాలలు మద్రాసుకు అనుబంధముగా ఉండెడివి. 1918లో హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూ మాధ్యమముతో ఆరంభమైనది. ఒకే తెలుగు ఇంట పుట్టినవారు సరిహద్దుకు ఇవతల ఇంగ్లీషులో, అవతల ఉర్దూలో డిగ్రీ చదివిన కాలమది. సర్టిఫికెట్టు సరిహద్దు దాటగలదు గాని, పాఠము చెప్పిన భాష దానితో కూడ దాటదు.

వేదాంత విద్యలో కాగితపు సమస్యకు మంచి పరిష్కారమే దొరికినది. 1818లో కేరీ, మార్ష్‌మన్, వార్డు స్థాపించిన సెరంపూరు కళాశాలకు 1827లో డెన్మార్కు రాజు అధికారపత్రము ద్వారా పట్టాలిచ్చు హక్కు వచ్చినది. 1918 నాటి చట్టము ద్వారా ఏర్పడిన సెరంపూరు సెనేటు, వివిధ సంఘముల వేదాంత కళాశాలలను ఒకే పాఠ్యప్రణాళిక, ఒకే పరీక్ష క్రిందికి తెచ్చినది. 1964లో తెలుగు ప్రాంతపు సెమినరీలు కొన్ని కలిసి రాజమండ్రిలో ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలగా ఏర్పడినవి; తరువాత అది హైదరాబాదుకు తరలినది. అట్టి కళాశాలలో బి.డి. ముగించినవాడు బెంగుళూరులో ఎం.టి.హెచ్. చేయుటకు పట్టా విషయమై అడ్డంకి లేదు. అయినను తెలుగులో ఆలోచించి, తెలుగులో ప్రసంగించిన విద్యార్థి, ఇంగ్లీషు గ్రంథాలయములో ఒంటరిగా కూర్చుండి పరిశోధనాంశము కొరకు వెదకునప్పుడు, ఏ సెనేటు నియమము అతని ప్రక్కన కూర్చుండగలదు?

2020 జాతీయ విద్యావిధానమును అనుసరించి 2021లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌కు నిబంధనలు ఇచ్చినది. విద్యార్థి సంపాదించిన క్రెడిట్లు బ్యాంకులో సొమ్మువలె నిలువయుండి, విద్యాలయము మారినప్పుడు అతని వెంట వచ్చును. ఇది మెచ్చదగిన ఏర్పాటు. కాగితము ప్రయాణము మునుపటికంటె సులువైనది. అందుచేతనే విద్యాలయము మారువారు పెరుగుదురు. వారిని ఎరిగిన మనిషి యొక్క అవసరత కూడ పెరుగును.

ముగింపు

అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయములో అపొల్లో ఎఫెసు నుండి అకయకు వెళ్లదలచినప్పుడు సహోదరులు అచ్చటి శిష్యులకు పత్రిక వ్రాశారు. అంతకుముందే ప్రిస్కిల్ల, అకుల అతనిని తమ యొద్ద చేర్చుకొని, అతనికి కొరతగా ఉన్నది నేర్పారు. అతనిని ఎరిగినవారి మధ్యనుండియే ఆ పత్రిక వెళ్లినది. చేర్చుకొనుడని అవతలి వారిని కోరినది.

పై చరిత్రనుబట్టి మూడు మాటలు మనవి చేయుచున్నాము. మొదటిది, విద్యార్థిని పంపు కళాశాల మార్కుల జాబితాతో ఆగక, అతని బలమును, కొరతను ఎరిగిన అధ్యాపకునిచేత ఒక ఉత్తరము వ్రాయించవలెను. రెండవది, చేర్చుకొను కళాశాల మొదటి వారములోనే అతనికి ఒక అధ్యాపకుని పేరు చెప్పవలెను; మొదటి టర్ము మార్కులు పడిపోయినప్పుడు తీర్పునకు ముందు ఆ అధ్యాపకుడు అతనితో కూర్చుండవలెను. మూడవది, సంఘకాపరి తాను పంపిన విద్యార్థిని ఫీజు కట్టునప్పుడు మాత్రమే గాక, చోటు మారినప్పుడు కూడ పలుకరించవలెను. సంఘము ఎన్నో సంవత్సరములు ప్రార్థించి పంపిన యౌవనస్థుడు తెలివి చాలక కాదు, అడుగుటకు ఒకరు లేక తిరిగివచ్చుట మన సంఘములకు తీరని నష్టము.

ఇవి పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు. 1215లో పారిస్ అడిగినది ఇంతకంటె ఎక్కువ కాదు. మన కళాశాలలో ఈ సంవత్సరము వేరొక చోటినుండి వచ్చి చేరిన ప్రతి విద్యార్థికి నిర్ణీత గురువు ఎవరో మనము పేరు పెట్టి చెప్పగలమా? ఆ ప్రశ్నను మన అధ్యాపక సమావేశములలో అడుగవలసియున్నది.