ఎల్. టిమ్మెల్ డూషాం: రచనాకాలం, ప్రచురణకాలం

అమెరికన్ స్త్రీవాద వైజ్ఞానిక కల్పనా సాహిత్యంలో ఎల్. టిమ్మెల్ డూషాం (జ. 1950) స్థానాన్ని నిర్ణయించడంలో ఒక చిక్కు ఉంది. ఆమె ప్రధాన రచన మార్క్‌సాన్ నవలాపంచకం. అందులో మొదటిదైన 'అలాన్యా టు అలాన్యా' 2005లో, చివరిదైన 'స్ట్రెట్టో' 2008లో వెలువడ్డాయి. ముద్రణ సంవత్సరాలనే ప్రమాణంగా తీసుకుంటే ఇవి 2001 సెప్టెంబరు దాడుల అనంతర అమెరికాకు ప్రతిస్పందనలుగా కనిపిస్తాయి. నిర్బంధం, చిత్రహింస, భద్రత పేరిట సాగే పాలన వంటి ఇతివృత్తాలు ఆ పఠనానికి అనువుగానే ఉన్నాయి. కాని వీటి తొలి రూపం 1980ల మధ్యకాలానిది. రీగన్ పాలన, అణ్వాయుధ పోటీ, రాజ్యంతో సంబంధాన్ని గురించి ఆనాటి స్త్రీవాదులలో సాగిన వాదోపవాదాలు వీటి అసలు నేపథ్యం. దాదాపు ఇరవై ఏళ్లు ఈ రచన అముద్రితంగానే ఉండిపోయింది.

కథ 2076లో మొదలవుతుంది. గ్రహాంతరవాసులైన మార్క్‌సాన్‌లు భూమిమీది ఎలక్ట్రానిక్ వ్యవస్థలను స్తంభింపజేసి, చర్చలకు స్త్రీలను మాత్రమే పంపాలని ప్రభుత్వాలను కోరతారు. అమెరికా భద్రతా విభాగాధిపతి సెడ్జ్‌విక్ ఎంపిక చేసిన కే జెల్డిన్ వృత్తిరీత్యా చరిత్రకారిణి. ఈ ఎంపిక యాదృచ్ఛికం కాదు. డూషాం స్వయంగా చరిత్ర అధ్యయనం చేసిన వ్యక్తి. గతాన్ని ఎవరు నమోదు చేస్తారు, ఎవరు తుడిచివేస్తారు అన్న ప్రశ్న నవలలన్నింటా వ్యాపించి ఉంటుంది. గ్రహాంతరవాసుల రాక మనుషులను విముక్తం చేయదు. అధికారాన్ని ఏం చేసుకోవాలో తేల్చుకోక తప్పని స్థితిలోకి నెడుతుంది. పాలకవర్గంలోని స్త్రీలను కూడా రచయిత్రి ఉపేక్షించలేదు. ఎలిజబెత్ వెదరాల్ పాత్ర అందుకు సాక్ష్యం.

2004లో సియాటిల్‌లో డూషాం 'ఆక్విడక్ట్ ప్రెస్' స్థాపించారు. తన నవలలను తానే ప్రచురించుకున్నారన్న ఆక్షేపణకు ఇక్కడ అవకాశం ఉంది. అయితే స్వీయప్రచురణ అన్న ఒక్క మాటతో ఈ సంస్థను తేల్చివేయడం తొందరపాటు. తొలి సంవత్సరంలోనే ఆక్విడక్ట్ బ్రిటిష్ రచయిత్రి గ్వినెత్ జోన్స్ నవల 'లైఫ్'ను ప్రచురించింది. దానికి ఫిలిప్ కె. డిక్ పురస్కారం లభించింది. నిసి షాల్ కథాసంపుటి 'ఫిల్టర్ హౌస్' (2008) టిప్ట్రీ పురస్కారాన్ని పొందిన రెండు గ్రంథాలలో ఒకటి.

సంపాదకురాలిగా డూషాం దృష్టిని బాగా పట్టి ఇచ్చేది 'కాన్వర్సేషన్ పీసెస్' గ్రంథమాల. స్త్రీవాద వైజ్ఞానిక కల్పనను ఆమె ఒక సుదీర్ఘ సంభాషణగా భావించారు. మాలలోని మొదటి పుస్తకం ఆమె వ్యాససంపుటి 'ద గ్రాండ్ కాన్వర్సేషన్' (2004). ఇవి చిన్న పుస్తకాలు. కథకు పెద్దవై నవలకు చిన్నవైన రచనలకు పెద్ద ప్రచురణకర్తల వద్ద చోటు దొరకడం కష్టం. ఈ మాల వాటికి నెలవైంది. వ్యాసాలు, కవితలు కూడా ఇందులో చేరాయి. ఢిల్లీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన వందనా సింగ్ రచనలు 'ఆఫ్ లవ్ అండ్ అదర్ మాన్‌స్టర్స్' (2007), 'డిస్టన్సెస్' (2008) ఈ మాలలోనివే. రెండవదానిలో గణితాన్ని అనుభూతిగా గ్రహించే నాయిక పేరు అనసూయ. భారతీయ పాఠకునికి పరిచితమైన ఈ పేరు సియాటిల్‌లోని ఒక చిన్న ముద్రణాలయం ద్వారా వైజ్ఞానిక కల్పనలోకి ప్రవేశించడం గమనార్హం.

సంభాషణ కొనసాగాలంటే పాత పుస్తకాలు మరుగున పడకూడదు. 2011లో ఆక్విడక్ట్ ప్రారంభించిన త్రైమాసిక పత్రిక 'ద కాస్కేడియా సబ్‌డక్షన్ జోన్' కొత్త పుస్తకాల సమీక్షలతోపాటు వెనుకటి రచయిత్రుల కృతుల పునఃపరిశీలనకు 'గ్రాండ్‌మదర్ మాగ్మా' అనే ప్రత్యేక శీర్షికను కేటాయించింది. ఇరవై ఏళ్లు అచ్చుకు నోచుకోని నవలల రచయిత్రి నడిపిన సంస్థకు ఈ శీర్షిక ఎందుకు అవసరమైందో ఊహించడం కష్టం కాదు.