కాష్మోరా నుండి రక్తపిశాచి ప్రియుని దాకా

స్టెఫనీ మేయర్ వ్రాసిన ట్వైలైట్ నవల 2005లో వెలువడింది. 2008 నాటికి నాలుగు సంపుటాలుగా పూర్తయి, కోట్ల ప్రతులు అమ్ముడుపోయి, సినిమాగానూ వచ్చింది. కథ చిన్నది. ఎప్పుడూ ముసురు పట్టి ఉండే ఫోర్క్స్ అనే ఊరికి బెల్లా అనే పదిహేడేళ్ళ పిల్ల వస్తుంది. ఆమె బడిలోనే చదువుతున్న ఎడ్వర్డ్ 1918లో జబ్బుతో చావుబతుకుల్లో ఉండగా రక్తపిశాచిగా మారినవాడు; నాటినుండి అతనికీ పదిహేడేళ్ళే. ఆమె నెత్తురు త్రాగాలన్న దాహం అతనిది. ఆ దాహాన్ని అణచుకొని ఆమెను ప్రేమించడమే కథ. పండిత విమర్శకులు ముక్కు మీద వేలేసుకున్నారు. ఆడపిల్లలు మాత్రం తలగడ క్రింద దాచుకొని చదివారు.

ఇందులో మనకేమి పని అని చదువరులు అడుగవచ్చు. దయ్యమూ ప్రేమా రెండూ తెలుగు పాఠకులకు చిరకాల పరిచితాలే. అయినా మన జనప్రియ నవలలో ఆ రెండూ చేయి చేయి పట్టుకొని నడవలేదెందుకని నాకు చాలాకాలంగా కుతూహలం. ఆ జాడ వెదుకుతూ పోతే దారి కోనసీమకు, అందునా రాజోలుకు తీసుకుపోయింది.

వైనతేయ, వసిష్ఠ పాయల నడుమ కొబ్బరితోటల నీడలో ఉన్న ఊరు రాజోలు. తులసిదళం వ్రాసిన యండమూరి వీరేంద్రనాథ్ 1948లో పుట్టినది అక్కడే. తర్వాత చార్టర్డ్ అకౌంటెంటుగా లెక్కల వృత్తిలో ఉంటూ, తెలుగుదేశాన్ని ఏళ్ళ తరబడి నిద్రపోనీయని నవల వ్రాశాడు. 1980 ప్రాంతంలో ఆంధ్రభూమి వారపత్రికలో అది ధారావాహికగా వచ్చిన రోజులు నా ఈడువారికి చెప్పనక్కరలేదు. పుస్తకాలు అద్దెకిచ్చే కొట్లలో కొందరు పేజీలు చించుకుపోయేవారు. తరువాతి పాఠకుడికి సరిగ్గా ఆయువుపట్టు దగ్గరే కథ తెగిపోయేది. (ఆ చించినవారిని ఏ కాష్మోరా పట్టుకున్నదో!)

ఇప్పుడు ఆ నవలలో భయం ఎవరి కోసమో చూడండి. తులసి అనే పసిపిల్ల మీద ప్రయోగం జరుగుతుంది. తల్లడిల్లేది తల్లిదండ్రులు. ఒక ప్రక్క మంత్రగాళ్ళు, మరొక ప్రక్క వైద్యులు; ఎవరి దారి నిజమో తేల్చుకొనే లోపల పాప ప్రాణం పోతుందేమోనన్న ఆదుర్దా. అంటే తులసిదళం భయం గృహస్థుని భయం. లేక లేక కలిగిన బిడ్డ దక్కుతుందా అన్న భయం. అందులో క్షుద్రశక్తి ఇంటి మీదికి వచ్చి పడే ఆపదే తప్ప, మనసు పడదగిన వ్యక్తి కాదు. రంగనాయకమ్మ గారు ‘తులసిదళం కాదు గంజాయి దమ్ము’ అని ఒక పుస్తకమే వ్రాశారు. మూఢనమ్మకాన్ని విజ్ఞానశాస్త్రంతో సమానమైన పీట మీద కూర్చోబెట్టడం గురించిన ఆక్షేపణ సమంజసమేనని నా మటుకు నేను ఒప్పుకుంటాను. అయితే ఆ నవలను చదివించిన శక్తి బిడ్డ మీది మమకారంలో ఉన్నదని కూడా అంటాను.

ఇక ప్రేమ సంగతి. అది వేరొక గట్టున నడిచింది. యద్దనపూడి సులోచనారాణి సెక్రటరీలోని రాజశేఖరాన్ని తలచుకోండి. ఎత్తైన మనిషి, సంపన్నుడు, ముభావి. కారు దిగితే చుట్టూ గాలి మారుతుంది. జయంతికి అతడంటే అభిమానమూ అనుమానమూ రెండూను. ఎడ్వర్డును అతని ప్రక్కన నిలబెట్టండి. అదే సంపద, అదే కారు, అదే మౌనం. పాఠకురాలి ప్రశ్న కూడా అదే: ఇంత శక్తిమంతుడు నన్ను బాధపెట్టగలిగి ఉండీ, బాధపెట్టకుండా ఉంటాడా? ముక్కూ మొగమూ తెలియని ఇంటికి కోడలిగా వెళ్ళవలసిన పిల్లకు ఇది కాలక్షేపపు ప్రశ్న కాదు. చదివి చెడిపోతారని పెద్దలు గద్దించిన ఆ పుస్తకాలలో ఆడపిల్లలు తమ భయాన్నే వెలుగులో పెట్టి చూసుకున్నారని నాకనిపిస్తుంది. మేయర్ చేసినదల్లా ఆ ప్రమాదానికి కోరలు తగిలించడం.

ఆ కోరలు పడమటివి. 1819లో పోలిడోరి తన కథలో రక్తపిశాచిని నాగరికుడైన ప్రభువును చేసి విందులకు పంపాడు. 1897లో స్టోకర్ డ్రాక్యులాకు కోటనూ బిరుదునూ ఇచ్చాడు. మన భేతాళుడి దారి వేరు. 1870లో రిచర్డ్ బర్టన్ భేతాళ కథలను ‘విక్రమ్ అండ్ ద వాంపైర్’ అని ఇంగ్లీషు చేశాడు గానీ, పాపం, చెట్టున వ్రేలాడుతూ చిక్కు ప్రశ్నలు వేసే మన భేతాళుడికి నెత్తురుకన్న తర్కం మీదనే రుచి ఎక్కువ. ఇక పల్లెల్లో చెప్పుకొనే కామినీ పిశాచం, మోహినీ పిశాచం ప్రేమించే దయ్యాలే. కాని అవి ఆడవి. పొద్దుపోయి పొలం గట్టున ఒంటరిగా వచ్చే కుర్రవాడిని పట్టుకొంటాయి. అవి కుర్రవాళ్ళను అదుపులో పెట్టడానికి పెద్దలు చెప్పిన కథలు. ఆడపిల్ల తనంత తాను ఎంచుకొనే అందమైన దయ్యం అక్కడ లేదు.

అసలే లేదంటే పెద్దన ఊరుకోడు. పదహారవ శతాబ్దపు మనుచరిత్రలో వరూధిని అమరకాంత, ప్రవరుడు మర్త్యుడు. కోరినది ఆమె, కాదన్నది అతడు. ప్రవరుడు అగ్నిని ప్రార్థించి ఇల్లు చేరుకున్నాక, ఒక గంధర్వుడు అతని రూపు దాల్చి వచ్చి, కలయిక వేళ కన్నులు మూసుకోవాలని షరతు పెడతాడు. మానవాతీతుడైన ప్రియుడు మనకూ ఉన్నాడన్నమాట. కాకపోతే మన గంధర్వుడు తానెవరో దాచాడు. ఎడ్వర్డు తానెవరో బెల్లాకు దాచలేకపోయాడు. ఆమె తెలిసి తెలిసి ఒప్పుకున్నది. వరూధినికి ఆ అవకాశం దక్కలేదు. ట్వైలైట్ ఆకర్షణ అంతా ఈ తేడాలో ఉన్నదని నా నమ్మకం. అయితే నిగ్రహం అతని చేతిలో, నిరీక్షణ ఆమె చేతిలో పెట్టారన్న స్త్రీవాదుల అభ్యంతరాన్ని కూడా నేను త్రోసివేయలేను. రాత్రివేళ పిల్ల నిద్రపోతుంటే గదిలోకి చొరబడి చూస్తూ కూర్చోవడం ఏ దేశంలోనైనా ప్రేమ అనిపించుకోదు.

ఈ రెండు గట్లనూ దగ్గరకు తెచ్చినవాడు మళ్ళీ ఆ రాజోలు మనిషే. కాని దయ్యంతో కాదు. వెన్నెల్లో ఆడపిల్లలో చదరంగం ఆటగాడు రేవంత్‌కు ఒక అమ్మాయి ఫోను చేస్తుంది. కనబడదు, పేరు చెప్పదు. ఆనవాళ్ళు మాత్రం ఇస్తుంది. అతడు ఆమెను చేరేసరికి ఆమె ఉండదు. కన్నడంలో 1995లో బెళదింగళ బాలె అన్న సినిమాగా వచ్చినది ఈ కథే. ఇందులో మంత్రం లేదు, రక్తం లేదు, శ్మశానం లేదు. మృత్యువు ప్రక్కనే నిలబడి, ఆట నియమాలన్నీ తానే నిర్ణయించి, శరీరం లేని గొంతుగా వచ్చి ప్రేమించినది మాత్రం ఆడపిల్ల.