విహారపు వడ్లకొట్టు, పొరుగువారి చెయ్యి: తామ్రలిప్తి నుంచి తాల్‌బగీచా వరకు

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో తాల్‌బగీచా ఒక పేట. బంగ్లాలో ఆ పేరుకు తాటితోట అని అర్థం. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఈ పట్టణంలో జంక్షన్‌నూ వర్క్‌షాపునూ నెలకొల్పిన నాటి నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల తెలుగు కుటుంబాలు ఇక్కడికి వలస వచ్చి స్థిరపడ్డాయి. గాదెలో గింజలున్న రైతుకు కరవు ఒక తీరున వస్తుంది; నెల జీతంతో బియ్యం కొనుక్కొనే కార్మికునికి మరొక తీరున వస్తుంది. జీతం ఆగిన నాడే అతని పొయ్యి ఆరుతుంది. 1927లో ఖరగ్‌పూర్ వర్క్‌షాపు కార్మికులు ఉద్యోగాల కోతకు ఎదురుతిరిగి సమ్మె కట్టారు. వారి సంఘానికి నాయకత్వం వహించినవారిలో తెలుగువాడైన వి.వి. గిరి ఒకరు. 2020 మార్చిలో దేశమంతటా ప్రయాణికుల రైళ్లు నిలిచిపోయినప్పుడు స్టేషన్లను నమ్ముకొని బతికే కూలీల, చిల్లర వర్తకుల రాబడి ఒక్క రోజులో పోయింది. ఇటువంటి వేళల్లో పట్టణపు పేటకు మొదటి దిక్కు బంధువర్గం కాదు, ప్రభుత్వమూ కాదు. గోడ అవతలి పొరుగువారు.

పొరుగువారు తలా పిడికెడు తెచ్చి ఒకచోట పోసిన మరుక్షణం మూడు ప్రశ్నలు పుడతాయి. ఆ కొట్టు తాళంచెవి ఎవరి చేతిలో ఉండాలి? అందులోనిది ఎవరికి ముందు, ఎవరికి తరువాత? పుచ్చుకొన్నవాడు తలవంచుకోకుండా ఇంటికి వెళ్లే దారి ఏది? ఉమ్మడి అన్నకోశాలు దాతలు లేక మూతబడినదాని కంటే ఈ మూడింటికి సమాధానం దొరకక మూతబడినదే ఎక్కువ. ఖరగ్‌పూర్‌కు తూర్పున తామ్రలిప్తి, నేటి తమ్లుక్; దక్షిణాన దాంతన్ సమీపంలో మొగల్‌మారి విహార శిథిలాలు. తాల్‌బగీచా ఈ రెంటి నడుమ నేల. ఈ ప్రశ్నలను ఈ నేలపైనే భిక్షుసంఘం ఎదుర్కొన్నది. ఎదుర్కొన్న తీరుకు లిఖిత సాక్ష్యం కూడా మిగిలింది.

వినయంలో అన్నం లెక్క

బౌద్ధ భిక్షువు ఈ రోజు పుచ్చుకొన్న ఆహారాన్ని రేపటికి దాచరాదు. పాలి వినయంలో దీనికి సన్నిధి అని పేరు. అది పాచిత్తియ దోషం. అయినప్పటికీ కరవు, వర్షాకాలం, రోగం ఉన్న లోకంలో నిల్వ అన్నది లేకుండా సంఘం నిలవదు. మహావగ్గలోని భేసజ్జఖంధకం ఈ చిక్కును దాచకుండా చెప్పింది. రాజగృహంలో కరవు వచ్చినప్పుడు విహారం లోపల ఆహారం నిల్వ ఉంచడానికి, లోపలే వండడానికి, చివరకు భిక్షువులు స్వయంగా వండుకోవడానికి కూడా అనుమతి లభించింది. ఈ చివరి సడలింపునకు కారణం గమనించదగినది: వండి పెట్టవలసిన పరిచారకులు ఎక్కువ భాగం తాము తీసుకొని, భిక్షువులకు తక్కువ పెట్టారు. వైశాలిలో పంటలు సమృద్ధిగా ఉన్న కాలంలో ఈ సడలింపులన్నీ ఉపసంహరించబడ్డాయి. వాటి స్థానంలో కప్పియభూమి, అనగా నిల్వకు తగినదిగా ఏర్పరచిన స్థలం, విధింపబడింది. కొట్టు విహారానికి ఉపయోగపడుతుంది గాని భిక్షువు సొత్తు కాదు. తాళంచెవి ప్రశ్నకు వినయం ఇచ్చిన సమాధానం ఇది: తినేవాడు వేరు, కాచేవాడు వేరు.

రెండవ ప్రశ్న వరుసకు సంబంధించినది. చుల్లవగ్గ ప్రకారం రాజగృహంలోనే, కరవు నాళ్లలోనే, ప్రజలు సంఘమంతటికీ భోజనం పెట్టలేకపోయారు. కొందరికి మాత్రమే పెట్టగలమన్నారు. అప్పుడు కొందరు భిక్షువులు మంచి భోజనాలు తమకు ఉంచుకొని, నాసిరకం ఇతరులకు విడిచారు. దానికి విరుగుడుగా భత్తుద్దేసకుడు అనే పదవి ఏర్పడింది. అన్నం పంచే ఆ భిక్షువుకు ఐదు లక్షణాలు ఉండాలి. ఇష్టం చేత, ద్వేషం చేత, మోహం చేత, భయం చేత పక్కదారి పట్టనివాడు కావాలి. ఎవరికి అందింది, ఎవరికి అందలేదు అన్న లెక్క తెలిసినవాడు కావాలి. మొదటి నాలుగు శీలానికి చెందినవి. ఐదవది పద్దుల పుస్తకానికి చెందినది. దయగలవాడు కావాలని ఈ జాబితాలో ఎక్కడా లేదు. దయ దాతలో ఉంటుందని, పంచేవానిలో ఉండవలసింది సమత్వమని ఈ నియమం భావించినట్లు తోస్తుంది.

పంచే పద్ధతి కూడా చెప్పబడింది. పుల్లకో పట్టీకో పేరు కట్టి, కుప్పగా పోసి కలిపి, తీసిన వరుసలో కేటాయించాలి. ఆ పుల్లే శలాక. ఆ భోజనమే సలాకభత్తం. చీటీ ముందు పెద్ద, చిన్న లేవు. అడిగే నోరున్నవాడు, లేనివాడు అన్న తేడా లేదు. మూడవ ప్రశ్నకు, అంటే పుచ్చుకొనేవాని మర్యాదకు, ఇది కొంత రక్షణ.

ఇన్ని కట్టుబాట్లున్నా పంచేవానికి నింద తప్పలేదు. మల్లపుత్రుడైన దబ్బుడు ఈ బాధ్యతను తానుగా కోరి తీసుకొన్నాడు. మేత్తియ, భుమ్మజకుల వంతుకు మంచి భోజనం పెట్టే గృహస్థుని ఇల్లు వచ్చింది. వచ్చేది వీరని తెలిసిన ఆ గృహస్థుడు వారికి వాకిట కూర్చోబెట్టి నూకలన్నం, పులిసిన కలి పెట్టించాడు. ఇది దబ్బుని పన్నాగమేనని వారు నమ్మి, ఒక భిక్షుణి చేత అతనిపై అబద్ధపు నేరం మోపించారు. విచారణలో నింద అబద్ధమని తేలింది. ఆధారం లేని ఆరోపణను గురించిన సంఘాదిశేష నియమం ఈ ఉదంతం నుంచే పుట్టింది. అన్నం పంచే చోట అనుమానం పుట్టక మానదని, దానిని విని తేల్చే సభ ముందుగానే ఉండాలని శాసనకర్తలకు తెలుసు.

తామ్రలిప్తిలో రెండు కొలతల బియ్యం

5వ శతాబ్ది ఆరంభంలో ఫాహియాన్ తామ్రలిప్తిలో రెండేళ్లు ఉండి గ్రంథాలు రాసుకొన్నాడు. ఆ రేవుపట్టణ ప్రాంతంలో ఇరవైకి పైగా విహారాలున్నాయని చెప్పాడు. 7వ శతాబ్దిలో హ్యూయన్ త్సాంగ్ సుమారు పది విహారాలను, వేయిమంది భిక్షువులను పేర్కొన్నాడు. కాని విహారపు కొట్టును కళ్లకు కట్టినవాడు ఇత్సింగ్. అతడు 673లో ఇక్కడ ఓడ దిగాడు.

అతనికి మొదట వింతగా కనిపించిన దృశ్యం ఇది. విహారపు పొలాలను సాగు చేసే రైతులు కూరగాయలు తెచ్చి మూడు భాగాలు చేశారు. ఒకటి సంఘానికి ఇచ్చి, రెండు తాము తీసుకొని వెళ్లారు. కారణం అడిగితే, అక్కడ ఉన్న ఒక చైనా పెద్ద భిక్షువు వివరించాడు: దున్నడం, నీరు పెట్టడం వలన ప్రాణిహింస కలుగుతుంది గనుక సంఘం సేద్యం చేయదు, భూమిని ఇతరులకు విడిచి, పంటలో ఒక భాగం మాత్రమే పుచ్చుకొంటుంది. విహారపు వంటశాల పొరుగు రైతు చేతి మీద నిలిచిందని, ఆ చేతికి మూడింట రెండు వంతులు దక్కాయని ఈ సాక్ష్యం చెబుతున్నది.

మరొక అంశం ఇంకా ముఖ్యమైనది. బయటివారు ఇచ్చిన ఒక్క కూరకాడను కూడా సభ సమ్మతి లేకుండా వాడేవారు కారు. ఏ పని వచ్చినా సభే తేల్చేది. ఎవరైనా తానొక్కడే నిర్ణయించి, తన ఇష్టాయిష్టాల మేరకు కొందరికి మేలు, కొందరికి కీడు చేస్తే, అతనిని కులపతి అని పిలిచి వెళ్లగొట్టేవారు. నేటి తెలుగులో కులపతి అన్నది విశ్వవిద్యాలయపు గౌరవ పదవి. తామ్రలిప్తిలో అది నింద: సంఘంలో ఉంటూ ఇంటి యజమానిలా ప్రవర్తించేవాడని దాని అర్థం.

ఆ తరువాత ఇత్సింగ్ ఒక చిన్న ఉదంతం చెప్పాడు. ఒక చిన్న భిక్షువు రెండు కొలతల బియ్యాన్ని ఒక బాలుని చేత కౌలురైతు భార్యకు పంపాడు. ఎవరో సభలో ఫిర్యాదు చేశారు. విచారణ జరిగింది, అతడూ, తోడ్పడిన ఇద్దరూ ఒప్పుకొన్నారు. అతనిలో నేరం లేదని తేలింది. అయినా సిగ్గుపడి, విహారపు పట్టీ నుంచి పేరు తీసివేసుకొని, శాశ్వతంగా వెళ్లిపోయాడు. అతని బట్టలను గురువు మరొకరి చేత పంపాడు. ఇత్సింగ్ దీనిని సంఘపు క్రమశిక్షణకు మెచ్చుకోలుగా రాశాడు: వివాదం రాజు న్యాయస్థానం దాకా పోలేదు.

నేటి పాఠకునికి ఈ మెచ్చుకోలు అంత సులభంగా మింగుడు పడదు. ఆ ఇల్లాలి ఇంట ఆ రోజు గింజలున్నాయో లేవో ఎవరూ అడిగినట్లు కనిపించదు. పొలం దున్నేది ఆ ఇల్లే. బియ్యం ఆ పొలం నుంచి వచ్చినదే. ఇంకొక వైపు, సభ భయం కూడా నిరాధారం కాదు. ఒక చేతి నుంచి ఒక ఇంటికి చాటుగా పోయిన బియ్యం, ఎంత మంచి మనస్సుతో పోయినా, మిగిలిన ఇళ్లకు రెండు సందేహాలు మిగులుస్తుంది: మనకెందుకు రాలేదు, ఆ ఇంటికెందుకు వెళ్లింది? ఆ సందేహం పుట్టాక మూడోవంతు తెచ్చే రైతు చెయ్యి వెనకాడుతుంది. సభ కాపాడింది రెండు కొలతల బియ్యాన్ని కాదు, ఆ నమ్మకాన్ని. కాని నమ్మకానికి చెల్లించిన మూల్యం ఒక మనిషి. ఆపదలో ఉన్న ఇంటికి సభకు తెలిపి వెంటనే ఇచ్చే ద్వారం ఒకటి ఉండి ఉంటే అతడు మిగిలేవాడు. వినయం అటువంటి ద్వారాలకు విరోధి కాదు. రాజగృహపు కరవులో నియమాలు సడలిన తీరు, భిక్షువు తన తల్లిదండ్రులకు ఇవ్వవచ్చునన్న అనుమతి అందుకు సాక్ష్యాలు.

తెలుగు నేల మీది కొట్లు

ఈ వ్యవస్థ తూర్పు తీరమంతటా రాళ్లలో కనిపిస్తుంది. విశాఖపట్నం సమీపంలోని తొట్లకొండకు ఆ పేరు రాతిలో తొలిచిన నీటితొట్ల వలన వచ్చింది. తవ్వకాలలో స్తూపాలు, విహారాలతో పాటు భోజనశాల, వంటశాల, నిల్వగదుల పునాదులు బయల్పడ్డాయి. కొండ మీద పంట లేదు. ప్రతి గింజా కింది ఊళ్ల నుంచి ఎక్కి రావలసినదే. నిత్యపు ఖర్చుకు శాశ్వత నిధి పెట్టే పద్ధతికి అక్షయనీవి అని పేరు. నాసిక్ గుహలో ఉషవదాతుని శాసనం దాని లెక్కను విప్పి చెబుతున్నది: 2000 కార్షాపణాలు నేతగాళ్ల శ్రేణి వద్ద నెలకు నూటికి ఒకటి వడ్డీకి ఉంచితే, ఏడాదికి వచ్చే 240తో 20 మంది భిక్షువులకు తలా 12 చొప్పున చీవరాల ఖర్చు. అసలు తరగదు, శ్రేణి బజారులో ఉంటుంది, లెక్క గోడ మీద అందరికీ కనిపిస్తుంది.

తెలుగువారి అన్నదాన స్మృతిలో దీనికి భిన్నమైన మరొక మార్గం ఉంది. గోదావరి లంకల్లోని గన్నవరంలో డొక్కా సీతమ్మ (1841–1909) వేళ కాని వేళ వచ్చిన బాటసారికి కూడా తన ఇంటి అన్నం పెట్టి చిరకీర్తి పొందింది. అక్కడ సభ లేదు, చీటీ లేదు; ఆకలి కనబడితే ఆకు పడేది. అది గృహస్థధర్మపు శిఖరం. కాని శిఖరం ఒకరిది. ఆ చెయ్యి ఆగితే ఆ పంక్తి ఆగుతుంది. పేటలోని ఉమ్మడి కొట్టు అంత ఎత్తుకు వెళ్లనక్కరలేదు, ఆగకుండా ఉంటే చాలు.

జహీరాబాద్ ప్రాంతంలో, నాటి మెదక్ జిల్లాలో, డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన దళిత మహిళా సంఘాలు 1990లలో నడిపిన ధాన్యనిధి ఈ రెండవ మార్గానికి ఆధునిక రూపం. బీడుపడిన భూముల సాగుకు పెట్టుబడి అప్పుగా ఇచ్చి, దానిని జొన్నల రూపంలో తిరిగి తీసుకొని ఊళ్లోనే నిల్వ చేశారు. ఊరి పేదలెవరో కార్యాలయపు జాబితా చెప్పలేదు. ఊరివాళ్లే కూర్చొని ఇంటింటినీ ఎంచి నిర్ణయించారు. పని దొరకని నెలల్లో ఆ జొన్నలు తక్కువ ధరకు ఆ ఇళ్లకు వెళ్లాయి. ఉచితంగా కాక ధరకు ఇవ్వడంలో ఒక మర్యాద ఉంది: వచ్చినవాడు బిచ్చగాడు కాదు, కొనుగోలుదారు. పిడికిలి అని అర్థమున్న ముష్టి అనే మాట తెలుగులో హేయమైన భిక్షకు పేరుగా ఎలా దిగజారిందో తలచుకొంటే ఈ జాగ్రత్త విలువ తెలుస్తుంది.

తామ్రలిప్తి పేరు మళ్లీ వినబడిన కాలం

1942 అక్టోబర్ 16న మేదినీపూర్ తీరాన్ని పెనుతుఫాను ముంచింది. అంతకుముందే యుద్ధకాలపు ప్రభుత్వం తీరప్రాంతం నుంచి పడవలను, బియ్యాన్ని తొలగించే విధానాన్ని అమలు చేసింది. మరుసటి ఏడాది బెంగాల్ కరవు లక్షల ప్రాణాలను బలిగొన్నది. ఈ నడుమ, 1942 డిసెంబర్ 17న, సతీశ్ చంద్ర సామంత నాయకత్వంలో తమ్లుక్‌లో తామ్రలిప్త జాతీయ సర్కార్ ఏర్పడి 1944 దాకా నిలిచింది. తుఫాను బాధితులకు సహాయం చేసింది, తగవులు తీర్చే న్యాయసభలు నడిపింది, కలిగినవారి మిగులు వడ్లను పేదలకు పంచింది. ఇది విహారపు దానం వంటిది కాదు. దాని వెనుక విద్యుత్ వాహిని అనే సాయుధ దళం కూడా ఉంది. అయినా వడ్ల పంపిణీ పక్కనే న్యాయసభ ఉండటం గమనార్హం. ఆహారాన్ని పంచే అధికారం, ఫిర్యాదును వినే బాధ్యత విడదీయరానివని ఈ నేల పన్నెండు శతాబ్దాల తరువాత మరొకసారి చూపింది.

తాల్‌బగీచా వంటి పేటకు ఈ చరిత్ర మూడు ఆచరణీయమైన సూత్రాలను ఇస్తున్నది. మొదటిది, గింజలు కాచేవారు, వాటి మీద బతికేవారు, పంచేవారు వేర్వేరుగా ఉండి, లెక్క అందరికీ కనబడాలి. రెండవది, వరుసను దయకు విడువక చీటీకో, ఊరి ఎంపికకో అప్పగించాలి. తెలుగు, బంగ్లా, ఒడియా, హిందీ మాట్లాడేవారు ఒకే వీధిలో ఉండే రైల్వే పట్టణంలో దయ సాధారణంగా తన భాషవాని ఇంటికే మొదట నడుస్తుంది. మూడవది, రాత్రివేళ తలుపు తట్టే ఆకలికి ముందు ఇచ్చి, తెల్లవారి సభకు చెప్పే వెసులుబాటు నియమంలోనే ఉండాలి. మొదటి రెండు సూత్రాలు తామ్రలిప్తి విహారానికి బాగా తెలుసు. మూడవది లేని లోటును, పేరు కూడా మిగలని ఒక చిన్న భిక్షువు తన విహారాన్ని విడిచి తీర్చవలసి వచ్చింది.