చింబొరాజో: భూకేంద్రానికి దవ్వైన శిఖరం

లోకంలోకెల్లా ఎత్తైన శిఖరమేదంటే ఎవరెస్టని పిల్లలు సైతం చెబుతారు. సముద్రమట్టం నుండి 8,848.86 మీటర్లు, సందేహం లేదు. అయితే ఎత్తు అన్న మాట వినగానే దేనినుండి అని అడగడం న్యాయం. భూకేంద్రం నుండి కొలిస్తే ఆ కీర్తి ఈక్వడార్ దేశపు చింబొరాజోది. సముద్రమట్టం నుండి అది సుమారు 6,263 మీటర్లే. ఐనను భూమధ్యరేఖకు ఒకటిన్నర డిగ్రీల దూరంలోనే ఉన్నందున, కేంద్రం నుండి ఎవరెస్టును రెండు కిలోమీటర్లకు పైగా మించింది. భూమి నడుము వద్ద ఉబ్బి ఉన్నది కదా! అక్కడి వ్యాసార్ధం ధ్రువాల వద్దకంటె 21 కిలోమీటర్లు అధికం.

ఆ ఉబ్బును నిరూపించడానికి వెళ్లినవారు ఈ పర్వతం చెంతనే శ్రమించడం విశేషం. భూమి ధ్రువాల వద్ద నొక్కుకొని ఉన్నదని న్యూటన్. కాదు, కోడిగుడ్డువలె నిలువున సాగినదని ఫ్రాన్సులో కసీనీ వర్గం. వాదం తేల్చడానికి ఫ్రెంచి అకాడెమీ 1735లో గొడాన్, బూగే, లా కొందమిన్ ప్రభృతులను నాడు స్పెయిన్ ఏలుబడిలోని క్విటో సీమకు పంపింది. అక్షాంశంలో ఒక డిగ్రీకి నేలమీద ఎంత పొడవో కొలవడం వారి పని. 1736లో లాప్లాండుకు వెళ్లిన మొపెర్ట్యూయి బృందం మరుసటి ఏడే తిరిగివచ్చి న్యూటన్‌దే నిజమన్నది. ఆండీస్‌లోని వారు మాత్రం చలికోర్చి, తమలో తాము కలహించుకొంటూ, 1740ల దాకా కొలుస్తూనే ఉన్నారు. ముందు చెప్పినవారికి పేరు దక్కింది గాని, నా దృష్టిలో ఓర్పు వీరిదే.

1738లో బూగే, లా కొందమిన్‌లు చింబొరాజో వాలుపై మంచులో మకాం వేసి, తూకపు గుండు కొండవైపు ఒరుగునేమో పరీక్షించారు. రవంత ఒరిగింది. పర్వతానికీ ఆకర్షణ కలదన్నమాట!

1802 జూన్‌లో హంబోల్టు దీనిని ఎక్కబోయి, శిఖరం చేరకుండానే వెనుదిరిగాడు. ప్రపంచంలో ఇదే అత్యున్నతమని అప్పటి నమ్మకం. అదే ఏడు ఏప్రిల్‌లో మద్రాసులో లాంబ్టన్ ఆధారరేఖను కొలవనారంభించాడు. ఆ సర్వేయే పెరిగి పెరిగి హిమాలయాల దాకా సాగి, 1856లో ఎవరెస్టు ఎత్తు 29,002 అడుగులని ప్రకటించింది. చింబొరాజో కొన వరకు మొదట చేరినవాడు విమ్పర్, 1880లో.

2016లో ఫ్రెంచి, ఈక్వడార్ శాస్త్రజ్ఞులు ఆ కొనపై ఉపగ్రహ సంకేతాలందుకొనే పరికరం నిలిపి భూకేంద్రం నుండి దూరం కొలిచారు. సుమారు 6,384.4 కిలోమీటర్లు.