ఒక వాక్యానికి కోయిలకుంట్ల టీకా

మూలం: "రాష్ట్రంలో లైఫ్ సైన్సెస్ పరిశ్రమను క్లస్టర్లుగా అభివృద్ధి చేసేందుకు ప్రభుత్వం భూమి, రాయితీలు, సింగిల్ విండో అనుమతులు కల్పించి, ప్రపంచ స్థాయి సంస్థలతో ఒప్పందాలు చేసుకుని, స్థానిక యువతకు ఉపాధి చూపిస్తుంది."

ఈ వాక్యం ఏ ఒక్క జీవో నుంచీ ఎత్తి రాసింది కాదు. పాతికేళ్లుగా ఉమ్మడి రాష్ట్రంలోనూ, విడిపోయాక రెండు రాష్ట్రాల్లోనూ వచ్చిన విధాన పత్రాలను వరసగా చదివితే చివరికి మిగిలే సారం ఇది. ముఖ్యమంత్రులు మారారు, పార్టీలు మారాయి, వాక్యం మాత్రం దాదాపు అలాగే ఉంది. కుందూ నది ఒడ్డున, కోయిలకుంట్ల నల్లరేగడి నేలలో నిలబడి దీనికి పదం పదం అర్థం చెప్పుకోవడమే ఈ వ్యాఖ్యానం పని. కర్తను ముందు పట్టుకోవడం పాత వ్యాఖ్యాతల పద్ధతి. ఇక్కడ కర్త గురించి చెప్పాల్సింది ఎక్కువ, అందుకే ఆయన్ని చివర్న కూర్చోబెడుతున్నాను.

లైఫ్ సైన్సెస్ పరిశ్రమ. ఈ పేరు వినగానే మనవాళ్లకు తెల్లకోటు, గాజుగొట్టం, హైదరాబాద్ గుర్తొస్తాయి. మందులు, టీకాలు, వైద్య పరికరాలు ఇందులో ఉన్నాయి, నిజమే. విత్తనం కూడా ఇందులోదే. ప్రాణమున్న పదార్థం గుణాన్ని మార్చి, ఆ మార్పును సరుకుగా అమ్మే వ్యాపారం విత్తనంకన్నా పాతది మరొకటి కనబడదు. ఆ లెక్కన నంద్యాల జిల్లాకు ఈ పరిశ్రమ కొత్తగా రానక్కర్లేదు. నంద్యాల వ్యవసాయ పరిశోధనా స్థానం మొదలైంది 1906లో. అక్కడ పుట్టిన 'నరసింహ' పత్తిని ఒకప్పుడు రాష్ట్రమంతా వేశారు. తెల్లజొన్నల్లో ఎన్.టి.జె. వరస, కొర్రల్లో సూర్యనంది, వరిలో నంద్యాల సన్నాలు అక్కడివే.

కోయిలకుంట్ల, సంజామల, ఉయ్యాలవాడ, అవుకు మండలాల్లో పప్పుశనగ కథ ఇంకా దగ్గరిది. ఇక్రిశాట్, జబల్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం కలిసి తెచ్చిన జె.జి.-11 రకం 1999లో విడుదలైంది. ఎండు తెగులును తట్టుకునే ఈ రకం తక్కువ కాలంలో కోతకొస్తుంది, నేలలో మిగిలిన తేమతోనే గట్టెక్కుతుంది. రబీలో పొద్దుతిరుగుడూ జొన్నా వేసే చేలు చూస్తుండగానే శనగ చేలయ్యాయి. తర్వాత కూలీల కొరత వచ్చిపడింది. మామూలు శనగ మొక్క పొట్టిది, కాయ నేలకు దగ్గరగా కాస్తుంది, హార్వెస్టర్ పళ్లకు అందదు. నంద్యాల శాస్త్రవేత్తలు నిటారుగా ఎదిగి కాయ పైకి కాసే ఎన్‌బిఇజి-47 రకాన్ని 'ధీర' పేరుతో ఇచ్చారు. చేలో యంత్రం తిరిగేలా మొక్క ఒడ్డూ పొడుగూ మార్చడం అచ్చమైన జీవశాస్త్రమే. ఏ పెట్టుబడిదారుల సదస్సులోనూ దీనికో స్టాలు పెట్టినట్టు నాకు కనబడలేదు.

క్లస్టర్లుగా. ఈ మాటకు ఉదాహరణగా అందరూ చూపించేది జీనోమ్ వ్యాలీని. 1999లో ఉమ్మడి ప్రభుత్వం శామీర్‌పేట దగ్గర దాన్ని ప్రకటించింది. తుర్కపల్లిలో 200 ఎకరాల్లో నాలెడ్జ్ పార్కు లేచింది. అక్కడినుంచి కథ చెప్పేవాళ్లు సర్కారు వేలెత్తి చూపగానే బీడు నేలలో టీకాలు మొలిచాయన్నట్టు చెబుతారు. అసలు కథకు నలభై ఏళ్లు వెనక్కి పోవాలి. 1961లో ఏర్పడిన ఐడీపీఎల్ సోవియట్ సాయంతో బాలానగర్ దగ్గర మందుల ఫ్యాక్టరీ కట్టింది. బల్క్ డ్రగ్ తయారీ తెలిసిన ఒక తరం కెమిస్టులు అక్కడే తయారయ్యారు. 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టిన అంజిరెడ్డి అక్కడ పనిచేసి బయటికొచ్చినవారే. 1970 పేటెంటు చట్టం మందుకు కాకుండా దాన్ని తయారుచేసే పద్ధతికే పేటెంటు ఇచ్చింది కాబట్టి, వేరే దారిలో అదే మందు చేయగల తెలివికి విలువ వచ్చింది. ఇవతల తార్నాక చుట్టూ ఐఐసీటీ, సీసీఎంబీ, జాతీయ పోషకాహార సంస్థ, ఉస్మానియా ఉన్నాయి. పటాన్‌చెరులో 1972 నుంచి ఇక్రిశాట్ ఉంది.

జీవశాస్త్రం చదవని ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు వరప్రసాద్ రెడ్డి 1993లో శాంతా బయోటెక్నిక్స్ మొదలుపెట్టి, 1997లో హెపటైటిస్-బి టీకా షాన్‌వాక్ తేగలిగారంటే, సొంత ప్రయోగశాల లేని రోజుల్లో ఉస్మానియాలో, సీసీఎంబీలో ఆయనకు చోటు దొరకడమే కారణం. భారత్ బయోటెక్ 1996 నాటిది. 1953లో పుట్టిన బయోలాజికల్ ఇ సంగతి సరేసరి. ఇన్నీ ఉన్నాక వచ్చింది 1999 ప్రకటన. ప్రకటన వల్ల మేలు జరగలేదనను. రోడ్డు, కరెంటు, అద్దెకు దొరికే ల్యాబు, బయో ఏషియా సదస్సులు ఆ కంపెనీలకు అక్కరకొచ్చాయి. అయితే మన పాలసీలు ఆ కథలో చివరి అధ్యాయాన్ని మాత్రమే నకలు తీశాయి. మొదటి అధ్యాయం కేంద్ర ప్రభుత్వ ఫ్యాక్టరీది, ప్రయోగశాలలది. అది రాయడానికి ముప్పై ఏళ్లు పడుతుంది, ఎన్నికలు అయిదేళ్లకే వస్తాయి. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు ఆ పుస్తకం మొత్తం తెలంగాణకు వెళ్లింది. ఆంధ్రప్రదేశ్ చేతిలో విశాఖ తీరం, నంద్యాల లాంటి పరిశోధనా స్థానాలు మిగిలాయి. తీరాన్ని గట్టిగానే పట్టుకున్నారు.

భూమి. పరవాడ ఫార్మా సిటీ రెండు వేల పైచిలుకు ఎకరాలు. వైద్య పరికరాల కోసం 2016లో శంకుస్థాపన జరిగిన విశాఖ మెడ్‌టెక్ జోన్ 270 ఎకరాలు. ఈ రెంటిలో నాకు నచ్చింది రెండోది. చిన్న కంపెనీ తనంతట కొనలేని పరీక్షా యంత్రాలను అది అందరికీ ఉమ్మడిగా పెట్టింది. బల్క్ డ్రగ్ పార్కును ముందు తొండంగి మండలంలో అనుకుని తర్వాత నక్కపల్లికి మార్చారు. 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేశారు, అదే ఏడాది పార్కు వద్దంటూ రాజయ్యపేట మత్స్యకారులు రోడ్డెక్కారు. తెలంగాణలో ముచ్చర్ల ఫార్మా సిటీకి పంతొమ్మిది వేల ఎకరాలని గీత గీశారు, 2023 చివర్లో ప్రభుత్వం మారాక ఆ గీతే మారింది.

ఇక మన వైపు. 2017లో జూపాడుబంగ్లా మండలం తంగడంచలో మెగా సీడ్ పార్కుకు శంకుస్థాపన చేశారు. ఆలోచన మంచిది, చోటూ మంచిదే. 2019లో ప్రభుత్వం మారాక ఆ ఊరి పేరు సీడ్ పార్కుగా వినబడటం తగ్గిపోయింది. ఓర్వకల్లును పారిశ్రామిక నోడ్‌గా 2024 ఆగస్టులో కేంద్రం ఆమోదించింది. అక్కడి విమానాశ్రయానికి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. ఆయన్ని 1847లో ఉరితీసింది కోయిలకుంట్లలోనే. మాన్యం కోసం తిరగబడిన మనిషి పేరు మీదుగా ఇప్పుడు పెట్టుబడిదారులు దిగుతారు.

రాయితీలు. దీనికి పొడుగు వ్యాఖ్యానం అక్కర్లేదు. 2020లో కేంద్రం మూడు బల్క్ డ్రగ్ పార్కులకు ఒక్కోదానికి వెయ్యి కోట్ల దాకా ఇస్తానంది. ఆంధ్రప్రదేశ్‌తో పాటు గుజరాత్, హిమాచల్ గెలుచుకున్నాయి. ఎవరు తక్కువకు కరెంటు ఇస్తే వాళ్లకే ఫ్యాక్టరీ అన్న వేలంపాటలో పాట పెంచుతూ పోవడమే తప్ప ఆగడం తెలియని పరిస్థితి. కోయిలకుంట్ల రైతుకు రాయితీ అంటే మాత్రం అక్టోబరులో శనగ విత్తనం కోసం రైతుసేవా కేంద్రం ముందు పెట్టే వరస.

సింగిల్ విండో అనుమతులు. పటాన్‌చెరు, బొల్లారం వాగుల కాలుష్యం మీద కేసు 1990లో సుప్రీంకోర్టుకెక్కింది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని లెక్కగట్టారు. మాత్ర మింగిన రోగి రక్తంలో ఉండేదానికన్నా అది ఎక్కువ. 2024 ఆగస్టులో అచ్యుతాపురం సెజ్‌లో ఒక ఫార్మా కంపెనీలో పేలుడుకు 17 మంది చనిపోయారు. అనుమతి ఒక కిటికీలో దొరికితే తప్పేం లేదు. తనిఖీ చేసే చేతులు మాత్రం పది ఉండాలి. నీళ్లు తక్కువున్న సీమలో అయితే మరీను. ఇక్కడ పాడైన బోరుకు బదులు ఇంకో బోరు ఉండదు.

ప్రపంచ స్థాయి సంస్థలతో ఒప్పందాలు. తంగడంచ పార్కుకు సాంకేతిక భాగస్వామిగా అమెరికాలోని అయోవా స్టేట్ యూనివర్సిటీని ఎంచుకున్నారు. ఎంపికను తప్పుపట్టలేం. ఆ విశ్వవిద్యాలయంలోనే చదివిన హెన్రీ వాలెస్ 1926లో అయోవాలో హైబ్రిడ్ మొక్కజొన్న కంపెనీ పెట్టారు. అదే తర్వాత పయనీర్ అయింది. ఆయన అమెరికా ఉపాధ్యక్షుడు కూడా అయ్యారు. అక్కడ విత్తన పరిశ్రమ పుట్టడానికి ముందే విశ్వవిద్యాలయం మనుషులు రైతుల చేలకు వెళ్లి, ఏ మొక్కజొన్న ఎంత దిగుబడి ఇస్తుందో అందరి ఎదుటా పోటీ పెట్టి చూపే అలవాటు ఉండేది. ఏ విత్తనం గెలిచిందో ఏది ఓడిందో ఊరంతా చూసేది. ఒప్పంద పత్రంతో పాటు తెచ్చుకోవలసింది ఆ అలవాటు. దానికి వందల ఎకరాల పార్కు అక్కర్లేదు, నంద్యాల స్థానంలో ఖాళీగా ఉన్న శాస్త్రవేత్తల కుర్చీలు నింపితే సగం పని అవుతుంది.

స్థానిక యువతకు ఉపాధి. 2019లో ఆంధ్రప్రదేశ్ ఒక చట్టం చేసింది. ఫ్యాక్టరీల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకివ్వాలన్నది దాని సారం. అలాంటి చట్టం చేసిన మొదటి రాష్ట్రం ఇదే. అప్పటికీ ఇప్పటికీ కర్నూలు, కడప విశ్వవిద్యాలయాల్లో బయోటెక్నాలజీ, కెమిస్ట్రీ చదివిన పిల్లలు హైదరాబాద్ చుట్టుపక్కలి బాచుపల్లి, పాశమైలారం బస్సులెక్కుతూనే ఉన్నారు.

స్థానికులకు ఈ పరిశ్రమ ఇచ్చిన పెద్ద ఉపాధి అసలు వేరే ఉంది. పత్తి క్రాసింగ్ అది. ప్రపంచంలో మొదటి వాణిజ్య హైబ్రిడ్ పత్తి హెచ్-4 1970లో సూరత్‌లో వచ్చింది. హైబ్రిడ్ పత్తి విత్తనం ఇక్కడ ఎక్కువగా చేతితోనే తయారవుతుంది. సాయంత్రం ఆడ వరసల్లో మరునాడు విచ్చబోయే మొగ్గను చూసి, రేకులతో పాటు పుప్పొడి తిత్తులను గోటితో ఒలిచేస్తారు. గుర్తుకు కాగితం తొడుగుతారు. తెల్లారి మగ పూవు తెచ్చి కీలాగ్రానికి రాస్తారు. ఎకరంలో కొన్ని నెలలపాటు రోజూ ఇదే పని. నంద్యాల, ఆళ్లగడ్డ, కోయిలకుంట్ల చుట్టూ ఈ సేద్యం బాగా పెరిగింది. ఈ పనికి ఆడపిల్లలను, అదీ చిన్నపిల్లలను పెట్టారు. చిన్న చేతులకు పని సులువని పైకి చెప్పేవాళ్లు, కూలి తక్కువన్నది అసలు సంగతి. 1990ల చివరి నుంచి బాలల హక్కుల సంఘాలు, పరిశోధకులు దీన్ని బయటపెట్టాక, కంపెనీలు తప్పును రైతులతో తమ తరఫున బేరం కుదిర్చే ఆర్గనైజర్ల మీదకు, ఆర్గనైజర్లు రైతుల మీదకు నెట్టారు. ఒక్క పాకెట్టుకు కంపెనీ ఇచ్చే ధరలో పెద్దవాళ్ల కూలి పడుతుందా లేదా అన్న ప్రశ్నను మాత్రం పరిశోధకులు తప్ప ఎవరూ గట్టిగా అడగలేదు. పిల్లలు తగ్గారు, నిజమే. పూర్తిగా పోయారని గుండె మీద చెయ్యేసి ఎవరూ చెప్పలేరు.

ప్రభుత్వం. ఇప్పుడు కర్త. ఈ వాక్యంలో ఆయన ఇచ్చేవాడుగా, పిలిచేవాడుగా, సంతకం పెట్టేవాడుగా కనిపిస్తాడు. ఈ నేలలో ఆయన చేసిన అతిపెద్ద లైఫ్ సైన్సెస్ పని ఈ మూడింట్లోనూ లేదు. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. 450 గ్రాముల పాకెట్టు పదహారు వందల పైనే అమ్మేవారు, అందులో 1,250 రూపాయలు జన్యువుకు కట్టే రాయల్టీ. 2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య నియంత్రణ కమిషన్‌కెక్కింది. కమిషన్ రైతు పక్షాన మాట్లాడింది, పాకెట్టు ధర 750కి దిగింది. మరుసటి ఏడాది రాష్ట్రం పత్తి విత్తనాల మీద సొంత చట్టమే చేసింది. ఇతర రాష్ట్రాలు అనుసరించాయి. 2015లో కేంద్రమే ధర నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. అలాంటి ధరల వల్ల కొత్త పరిశోధన మందగించిందని కంపెనీలు అంటాయి. ఆ వాదనలో కొంత పస ఉంది. గులాబీ పురుగు బీటీకి లొంగకుండా పోయాక మూడో తరం జన్యువు ఇక్కడికి రాలేదు. అయినా 750 వల్ల బతికిన కుటుంబాలు ఆ లెక్కలో చేరవు.

ధర విషయంలో చేయగలిగినవాడు విత్తనం పండించే రైతు విషయంలో ఎందుకు చేయలేదన్నదే నా ప్రశ్న. ఇక్కడ సీడ్ పత్తి వేసేవాడు పంట ఎత్తి అప్పగించాక మొలక పరీక్ష, తర్వాత జన్యుశుద్ధి తెలుసుకునే గ్రో-అవుట్ పరీక్ష (జీవోటీ) కంపెనీ చేతిలో ఉంటాయి. జీవోటీ ఫెయిలంటే లాటు తిరగ్గొడతారు, డబ్బు రాదు. పరీక్ష ఎక్కడ జరిగిందో, ఎన్ని మొక్కలు చూశారో రైతుకు తెలియదు. అడగబోతే ఎదురుగా ఉండేది కంపెనీ కాదు, ఆర్గనైజర్. చాలాసార్లు ఒప్పందం కాగితం మీదే ఉండదు, ఉన్నా ఇంగ్లీషులో ఉంటుంది. 1966 నాటి విత్తన చట్టం విత్తనం కొన్నవాడి గురించే మాట్లాడుతుంది, పండించినవాడి గురించి దాదాపు ఏమీ అనదు. 2004 నుంచి పార్లమెంటు గడపలో కొత్త బిల్లు ముసాయిదాలు వస్తూ పోతూ ఉన్నాయి.

నంద్యాలలో నూట ఇరవై ఏళ్ల స్థానం ఉంది, పొలాలున్నాయి, అక్కడివాళ్లకు జన్యుశుద్ధి చూడటం చేతనవును. ప్రతి లాటులో ఒక భాగం అక్కడికీ పంపాలని, ఫలితం రైతు ఫోనుకు తెలుగులో రావాలని, ఫెయిలైతే ఎందుకో చెప్పాలని రాష్ట్రం ఒక ఉత్తర్వు ఇవ్వొచ్చు. దానికి శంకుస్థాపన అక్కర్లేదు, ఎకరా భూమి సేకరించే పనిలేదు.